బ్రేకుల్లో గాలి

మా ఇంట్లో ఇనుము ఆయనది, గుడ్డ నాది. పెళ్ళయిన కొత్తలో ఎవరూ కూర్చోబెట్టి పంచకుండానే కుదిరిపోయిన పంపకం ఇది. ముందుగదిలో నా కుట్టుమిషన్లు, టార్పాలిన్ చుట్టలు, సీట్లకి వేసే రెక్సిన్ ముక్కలు ఉంటాయి. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆయన స్పానర్లు, జాకీలు, నూనె డబ్బాలు, వాటి మధ్యలో మా జీపు. టార్పాలిన్ కుట్టించుకోవడానికి వచ్చే లారీ డ్రైవర్లు నా పని అయ్యేదాకా ఆయన దగ్గర కూర్చుని ఇంజన్ల గురించి కబుర్లు చెప్పుకునేవారు. కొందరు ఆ కబుర్లలో పడి టార్పాలిన్ సంగతే మర్చిపోయి వెళ్ళిపోయేవారు. వాళ్ళ వెనక వీధి చివరిదాకా పరిగెత్తింది నేనే.

ఆ జీపు మా అమ్మాయి కంటే పెద్దది. ఆయన సర్వే ఆఫీసులో డ్రైవరుగా ఉన్నప్పుడు నడిపిన బండే. ఇక పనికిరాదని ఆఫీసువాళ్ళు వేలం వేస్తే, పెంచిన బిడ్డని పరాయివాళ్ళకి ఇస్తారా అన్నట్టు పాడుకుని ఇంటికి తెచ్చేశారు. నాలుగు చక్రాలూ లాగే బండి అది. గేరు కర్ర పక్కనే ఇంకో పొట్టి కర్ర ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే ముందు చక్రాలు కూడా పనిలోకి దిగుతాయి, బురదైనా ఇసుకైనా పాకేస్తుంది. తెచ్చిన రోజు నుంచి ఆయన దానికి చేయని వైద్యం లేదు. గేరుబాక్సు మార్చారు, స్టీరింగు మార్చారు, రేడియేటరు మార్చారు. ఇప్పుడు అందులో ఏది పాతదో ఏది కొత్తదో ఆ బండికే తెలియదు. నేను దాన్ని సవతి అనేదాన్ని. "సవతికి కొత్త సీటు కుట్టవోయ్" అని ఆయనా అనేవారు. తిట్టుకుంటూనే కుట్టేదాన్ని. దాని టాపు, సీట్లు, పక్క తెరలు, అన్నీ నా చేతి కుట్టే.

గేరుబాక్సు మార్చినప్పుడు పాత గేరు కడ్డీని ఆయన పారేయలేదు. మూరెడు ఇనప కడ్డీ, పైన గుండ్రటి నల్లగుబ్బ. ఆయన అరచేతిలో అరిగి అరిగి ఆ గుబ్బ నున్నబడిపోయింది. కడ్డీ కొనని తిరుగుతున్న ఇంజను మీద ఆనించి, గుబ్బని చెవి వెనక ఎముకకి నొక్కిపట్టి, కళ్ళు మూసుకుని వినేవారు. డాక్టరు గుండె చూసినట్టే. ఇనుము లోపలి చప్పుడు ఇనుములోంచే రావాలి, గాలిలో వచ్చేది సగం అబద్ధం అనేవారు. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు కొట్టుకుంటోందో ఆ కడ్డీతోనే చెప్పేసేవారు.

ఇక మా ఇద్దరి మాటల సంగతి. మేము ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న రోజులు తక్కువ. ఆయన బండి కింద, నేను మిషను ముందు. మధ్యలో ఒక గోడ, గోడకో కిటికీ. నేను మిషను ఆపకుండానే "ఏవండీ" అని పిలిచేదాన్ని. అటునుంచి "ఆఁ" అని వచ్చేది. అంతే. ఆ "ఆఁ" అన్నాక ఆయన లేచి వచ్చిందీ లేదు, నేను చెప్పిన పని చేసిందీ లేదు. కానీ నట్టు బిగుసుకుపోయినప్పుడు విసుగ్గా ఒక రకంగా, బోర్లా పడుకున్నప్పుడు సాగదీసి ఒక రకంగా, ఆకలేస్తే మెత్తగా ఒక రకంగా ఆ "ఆఁ" వస్తూ ఉండేది. ఆ ఒక్క అక్షరంతో నా కాపురం గడిచిపోయింది. దానికంటే పెద్ద ముచ్చట్లు నేను కోరుకోలేదు.

ఆయన రిటైరయ్యాక ఆ "ఆఁ" ఆగిపోయింది.

మొదట పట్టించుకోలేదు. పనిలో ఉన్నారేమో అనుకున్నాను. తర్వాత చూస్తే అన్నిటికీ అదే వరస. లారీవాళ్ళు వస్తే ఊరికే తలూపి స్పానరు తుడుచుకుంటూ కూర్చునేవారు. వాళ్ళు రావడం తగ్గించారు. అమ్మాయి ఫోను చేస్తే "ఇదిగో, మీ అమ్మతో మాట్లాడు" అని నాకు అందించేసేవారు. "అమ్మా, నాన్నకి నా మీద కోపమా?" అని అది అడిగింది. నా మీద లేనిది నీ మీదెందుకే అన్నాను గానీ, నా మీద లేదని నాకు మాత్రం ఎవరు చెప్పారు? బజారుకి జీపులో తీసుకెళ్ళమంటే సంచీ పట్టుకుని ఒక్కరే నడిచి వెళ్ళిపోయేవారు. ఇరవై మాటలంటే ఒకదానికి జవాబు. గోడకి చెప్పుకున్నా కాస్త నయం, గోడ కనీసం మొహం తిప్పుకోదు.

ఆయన మాట వినే మనిషి అని మెచ్చుకున్నది ఒక్కరే, మా పక్కింటి బాబాయిగారు. వీధంతా ఆయన్ని సలహాల బాబాయి అంటారు. ప్రహరీ మీద మోచేతులు ఆనించి ఏ బండికైనా, ఏ మనిషికైనా సలహా చెప్పగలరు. మా ఆయన అన్నిటికీ తలూపేవారు. "మీ ఆయనలాంటి బుద్ధిమంతుణ్ణి నేను చూడలేదమ్మా, ఏం చెప్పినా కాదనడు" అనేవారు బాబాయి. నాకు ఒళ్ళు మండిపోయేది.

మేమిద్దరం ఎప్పటినుంచో అనుకున్న ప్రయాణం ఒకటుంది. రిటైరయ్యాక జీపు వెనక సీట్లు తీసేసి, పడుకోవడానికి చెక్క వేసుకుని, కొండలు దాటి అవతలి సముద్రం దాకా నెమ్మదిగా వెళ్ళాలని. తొందరలేదు, నచ్చినచోట ఆగడమే. దానికోసం నేను జీపు పక్కకి కట్టుకునే గుడారం కుట్టాను. ఆయన చెక్క వేశారు. ఇక బయల్దేరడమే అనుకుంటే, చెక్క ఎత్తు చాల్లేదని మళ్ళీ విప్పారు. నీళ్ళ ట్యాంకు ఎడమవైపు పెట్టారు, తర్వాత తీసి కుడివైపు పెట్టారు. లైట్లు మార్చారు. గుడారం కొక్కేల చోటు మారింది కాబట్టి నేను దాన్ని విప్పి మళ్ళీ కుట్టాను. అదీ మూడుసార్లు. ఒక పని అయ్యేసరికి ఇంకో పని పుట్టుకొచ్చేది. ఆయనకి కావలసింది నాతో ప్రయాణం కాదు, బండితో కాపురం అని నాకు అర్థమైపోయింది.

మా అక్క ఒక్కతే ఉంటుంది. "ఆ రాయితో ఎన్నాళ్ళు వేగుతావే, నీ మిషన్లు తీసుకుని వచ్చేయ్, ఇక్కడ చోటుంది" అని చాలారోజులుగా అంటోంది. అలాంటి మనిషి పక్కన కూర్చుని, మాటా పలుకూ లేకుండా కొండలెక్కడం తలుచుకుంటేనే ఊపిరాడలేదు నాకు. అందుకే మనసులో ఖాయం చేసుకున్నాను. ఈ ఒక్క పనీ అయిపోగానే చెప్పేస్తాను: మీరూ మీ బండీ వెళ్ళండి, నేను అక్క దగ్గరికి పోతున్నాను. ఆ మాట ఎలా అనాలో మిషను తొక్కుతూ తొక్కుతూ నూరుకున్నాను.

ఆ ఒక్క పని ఏమిటంటే, బ్రేకులు. కొండదారికి పాత పైపులు పనికిరావని ఆయన మొత్తం కొత్తవి వేశారు. పైపులు విప్పితే లోపలికి గాలి చేరుతుంది. గాలి ఉంటే పెడలు తొక్కినా బ్రేకు పడదు, దూది మీద కాలేసినట్టు లోపలికి దిగిపోతుంది. ఆ గాలి తీయడం ఒక్కరి వల్ల కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కిపట్టాలి, ఇంకొకరు కింద చక్రం దగ్గర పడుకుని చిన్న నట్టు వదులు చేయాలి. గాలిబుడగలతో కలిసి ఆయిలు సీసాలోకి వస్తుంది. నట్టు బిగించాకే పై మనిషి కాలు తీయాలి. ముందే తీస్తే, లేదా కాలు పైకి వస్తున్నప్పుడు కింద నట్టు విప్పితే, పోయిన గాలి తిరిగి లోపలికే పోతుంది.

దీనికి మాకు రెండే మాటలు. నేను "నొక్కా" అనాలి, ఆయన నట్టు విప్పాలి. ఆయన బిగించి "బిగించా" అనాలి, నేను కాలు తీయాలి. ఆ రెండూ తప్ప ఇంకో మాట మాట్లాడకూడదని ఆయన రూలు. అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు కూడా స్టీరింగుకి పొట్ట తగులుతుండగా కూర్చుని "నొక్కా, నొక్కా" అన్నదాన్నే నేను. నా అంత బాగా బ్రేకు తొక్కేవాళ్ళు లేరని ఆయన లారీవాళ్ళ ముందు గొప్పలు చెప్పుకునేవారు.

అలాంటిది ఈసారి ఎంత తీసినా గాలి పోలేదు. నేను "నొక్కా" అంటాను. కింద చడీచప్పుడూ ఉండదు. మళ్ళీ అంటాను. కాలు నొప్పెట్టి వదిలేస్తాను. సరిగ్గా అప్పుడే ఆయన నట్టు విప్పుతారు. సీసాలో గుడగుడమని చప్పుడు. "ఏం చేస్తున్నారండీ?" అంటే జవాబు లేదు. రబ్బరు వాషర్లు పాడయ్యాయేమోనని అన్నీ మార్చారు. పెడలు మెత్తగానే ఉంది. సలహాల బాబాయి గోడ మీదనుంచి "మాస్టర్ సిలిండరు" అన్నారు. ఆయనకి బ్రేకు అంటే మాస్టర్ సిలిండరే, తలనొప్పి వచ్చినా మాస్టర్ సిలిండరే. మావారు ఎప్పటిలాగే తలూపారు, తర్వాత నిజంగానే సిలిండరూ మార్చారు. పెడలు మెత్తగానే ఉంది.

ఆ వేళ పొద్దున్న మళ్ళీ మొదలుపెట్టాం. వెనక కుడి చక్రం. ఆయన గోనె పరుచుకుని కిందకి దూరారు, మోకాళ్ళ నుంచి పాదాల దాకా మాత్రం బయట ఉన్నాయి. నేను సీట్లో కూర్చుని "నొక్కా" అన్నాను. జవాబు లేదు. "నొక్కా." లేదు. "నొక్కానండీ బాబూ." లేదు. పిక్క పట్టేసింది. కాలు తీశాను. కింద గుడగుడ.

ఇక నా వల్ల కాలేదు. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆయన కాళ్ళ దగ్గర నిలబడ్డాను. పని అయ్యాక అనాలనుకున్న మాట అప్పుడే నోట్లోంచి వచ్చేసింది. అరవలేదు. కోపం బాగా ముదిరితే నా గొంతు తగ్గిపోతుంది.

"ఇక చాలండీ. నేను అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను. నా మిషన్లు తీసుకెళ్ళిపోతాను. ఇన్నేళ్ళు మీ బండి కింద నుంచి వచ్చే ఒక్క పలుకు కోసం బతికాను. ఇప్పుడు అదీ లేదు. మీకు నేను అక్కర్లేదు. ఆ సముద్రమేదో మీరూ మీ బండీ చూసుకోండి."

అని ఊరుకున్నాను.  ఆయన ఏమంటారోనని చూస్తున్నాను. వద్దంటారా, సరే పొమ్మంటారా, కనీసం ఆ స్పానరు కింద పెడతారా?

కొంతసేపటికి బండి కిందనుంచి ఆయన గొంతు వచ్చింది. మామూలుగా, హుషారుగా కూడా ఉంది.

"నొక్కవోయ్, ఇంకోసారి చూద్దాం."

 ఎంత రాతిగుండె మనిషైనా ఆ మాటలు విని అలా అనలేడు. మా ఆయన రాతిగుండె మనిషి కాడు, వీధికుక్క కుంటితే కట్టు కట్టిన మనిషి. అంటే వినలేదు. వినకపోవడం కాదు, వినిపించలేదు. పక్కనే ఉన్న రేకు డబ్బాని కాలితో తన్నాను. అది దొర్లి గోడకి తగిలి ఢామ్మని మోగింది. పక్కింట్లోంచి బాబాయి దగ్గు వినిపించింది. బండి కింద ఆ రెండు పాదాలూ కదల్లేదు.

లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను. లారీవాళ్ళ కబుర్లకి తలూపడం, అమ్మాయి ఫోను నాకు ఇచ్చేయడం, బండి తీయకుండా బజారుకి నడవడం, ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాయి. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నన్ను వదిలేయలేదు అన్న సంతోషం ముందు వచ్చింది, ఉన్నమాట చెప్పొద్దూ. ఆ వెనకే ఇంకోటి వచ్చింది. ఇంత జరుగుతుంటే ఈ మనిషి ఒక్కడే ఆ బండి కింద పడుకుని, నా మాట ఎప్పుడొస్తుందోనని ఊహించుకుంటూ నట్టు విప్పుతున్నాడు. ఆ ఊహ తప్పినప్పుడల్లా వాషరు మార్చుకుంటున్నాడు. టార్పాలిన్ ముక్కలో మొహం పెట్టుకుని కాసేపు ఏడ్చాను. టార్పాలిన్ ఏమీ పీల్చుకోదు, మొహమంతా తడిసింది.

తర్వాత లేచి, గుడారానికని తెచ్చిన నైలాను తాడు రెండు బారలు కత్తిరించి షెడ్డులోకి వెళ్ళాను. వంగి, ఆయన కాలి బొటనవేలికి కట్టాను, నా టార్పాలిన్లకి వేసే ముడే. ఆయన ఉలిక్కిపడి కాలు లాక్కున్నారు. గోనె మీద పాకుతూ తల బయట పెట్టారు. చెంపమీద నల్లటి మరక. తాడు చూశారు, నన్ను చూశారు.  కాలితో గాలిలో పెడలు తొక్కినట్టు చూపించి, తాడు ఒక్కసారి గుంజాను.

ఆయన మొహంలో రంగు మారింది. దొంగతనం బయటపడ్డ పిల్లవాడి మొహం అది.  నా కళ్ళు ఎర్రగా ఉండటం చూసి ఉంటారు.

"ముందు గాలి తీద్దాం," అన్నారు నెమ్మదిగా. మళ్ళీ కిందకి వెళ్ళిపోయారు.

తాడు రెండో కొస నా మణికట్టుకి చుట్టుకుని సీట్లో కూర్చున్నాను. తొక్కిపట్టి, గుంజాను. వెంటనే కింద నట్టు వదిలిన చప్పుడు. పెడలు నేల దాకా దిగింది. "బిగించా," అని ఆయన గొంతు. కాలు తీశాను. ఆయన మాట నాకు వినిపిస్తుంది, వినిపించనిది నాదే కాబట్టి ఒక్క తాడే సరిపోయింది. తొక్కడం, గుంజడం, "బిగించా". ఆ తాడుతోనే ఆయన ఒక్కో చక్రం దగ్గరికీ మారారు. మధ్యలో ఒకసారి ఊరికే, తొక్కకుండానే గుంజాను. కింద ఆయన వేలు రెండుసార్లు ఆడింది. నాలుగో చక్రం అయ్యేసరికి పెడలు నా పాదం కింద రాయిలా నిలబడింది. ఇన్నాళ్ళూ వాషర్లదీ కాదు, సిలిండరుదీ కాదు తప్పు.

వీధి చివరిదాకా నడిపి చూశారు. నేను పక్కన కూర్చున్నాను. తొక్కినచోట బండి ఠక్కున ఆగింది. తిరిగి షెడ్డులో పెట్టి ఇంజను ఆపారు. ఇద్దరం దిగలేదు.

"ఎప్పటినుంచి?" అన్నాను ఆయన వైపు తిరిగి. వినపడలేదు. గొంతు పెంచి మళ్ళీ అడిగాను.

"ఆఫీసు మానేసే ముందు నుంచే," అన్నారు. "ఎదురుగా ఉండి గట్టిగా అంటే సగం అందుతుంది. మిగతా సగం మొహం చూసి కలుపుకుంటా."

"డాక్టరుకి చూపించుకోవాలని తెలీదా?" అని అరిచాను.

"చూపిస్తే అమ్మాయికి తెలుస్తుంది. బండి తాళాలు తీసేసుకుంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?" ఈసారి కోపంతో కూడా అరిచాను.

ప్రహరీ మీద సలహాల బాబాయి తల లేచింది. "ఏంటమ్మా ఆ అరుపులు? మాస్టర్ సిలిండరేనా?"

"కాదు బాబాయిగారూ, బాగయిపోయింది, మీరు లోపలికి వెళ్ళండి," అన్నాను. తల దిగింది. కానీ గోడ అవతలే ఉన్నారని నాకు తెలుసు. అలా అరుచుకుంటూ మొగుడూపెళ్ళాలు మాట్లాడుకునే మాటలు కావు అవి. నేను కళ్ళతో ప్రహరీ వైపు చూపించాను.

ఆయన సీటు కింద చెయ్యి పెట్టి ఆ గేరు కడ్డీ బయటికి తీశారు.

"ఇంజను మాత్రం దీంతో ఇప్పటికీ బాగానే వినిపిస్తుంది," అన్నారు. "చెవిలోంచి రావట్లేదు గానీ ఎముకలోంచి వస్తోంది." కడ్డీ కొనని తన చొక్కా లోపలి వైపుతో శుభ్రంగా తుడిచి, నా వైపు చాపారు. గుబ్బని తన చెవి వెనక పెట్టుకున్నారు. ఆ కొనని ఏం చేయమంటున్నారో నాకు ముందు అర్థం కాలేదు. ఆయన వేలితో తన గొంతు చూపించారు.

"ఇన్నేళ్ళు కాపురం చేసి, చివరికి గొంతు మీద ఇనుము పెట్టించుకోమంటున్నారా?" అంటూ కొనని గొంతుకి ఆనించుకున్నాను. చల్లగా ఉంది.

ఆయన నవ్వారు. నా మాట అయ్యాక కాదు, మాట మధ్యలోనే నవ్వారు. చాలారోజుల తర్వాత నా మాట మధ్యలో నవ్వారు.

"అందుతోందా?" అన్నాను మామూలు గొంతుతో.

"అందుతోంది. ఎక్కడో దూరంగా, కానీ నువ్వే," అన్నారు. తర్వాత చూపు పక్కకి తిప్పుకుని, తనంతట తనే చెప్పడం మొదలుపెట్టారు. "నువ్వు పక్కన కూర్చుంటే ఊరికే ఉండవు. ఆ చెట్టు చూడండి, ఆ మబ్బు చూడండి అంటావు. నేను దారి చూస్తానా, నీ మొహం చూస్తానా? ఎన్ని మైళ్ళని తలూపను? రెండో రోజుకే తెలిసిపోతుంది నీకు. అందుకే చెక్క విప్పా. ట్యాంకు అటు పెట్టా, ఇటు పెట్టా. బ్రేకులు అయిపోతే ఇక చెప్పడానికి వంక లేదు."

నేను మూడుసార్లు విప్పి కుట్టిన గుడారం గుర్తొచ్చింది. తిడదామని నోరు తెరిచి మానేశాను.

"ఇందాక నా కాళ్ళ దగ్గర నిలబడి ఏదో అన్నావు," అన్నారు.

"వినిపించిందా?"

"లేదు. కాళ్ళు చూశా. నీ మొహం కంటే నీ కాళ్ళే ఎక్కువ చూశానోయ్ నేను, బండి కింద నుంచి. సంతోషంగా ఉంటే మడమ ఆడిస్తావు. కోపమొస్తే కాలు ముందుకు పెడతావు. ఇందాక వేళ్ళు ముడుచుకుని చెప్పుల్ని పట్టుకున్నాయి. మీ అమ్మగారు పోయిన రోజు అలా నిలబడ్డావు. పెద్దమాటే అన్నావని తెలిసింది. ఏమన్నావని అడగడానికి భయమేసింది. అందుకే నొక్కమన్నా."

ఆ హుషారు గొంతు గుర్తొచ్చింది నాకు. అది భయమని ఇప్పుడు తెలిసింది. చెప్పకుండా దాటేయొచ్చు. కానీ దాచుకోవడం వల్లే కదా ఇంతదాకా వచ్చింది. కడ్డీ గొంతుకి గట్టిగా ఆనించుకున్నాను.

"వెళ్ళిపోతానన్నాను. అక్క దగ్గరికి. మీకు నేను అక్కర్లేదు అనుకున్నాను."

ఆయన గుబ్బ తీయలేదు. కళ్ళు నేలకి దించుకున్నారు. "మిషన్లు కూడా తీసుకెళ్తావా?" అన్నారు.

"రెండూ."

"మరి గుడారం ఎవరు కడతారు?"

"నేనే కడతాను. రేపు ముందు చెవుల డాక్టరు దగ్గరికి. ఆయన బండి నడపొచ్చంటేనే కొండలు. లేదంటే నాకు నేర్పండి, నేను నడుపుతాను. బ్రేకు తొక్కడం ఎలాగూ వచ్చు."

ఆయన తలూపారు. ఇన్నాళ్ళు ఊపిన ఊపు కాదు. ఆయన బొటనవేలికి తాడు ఇంకా అలాగే ఉంది, విప్పడం ఇద్దరం మర్చిపోయాం.

"ఇంకేమైనా చెప్పు," అన్నారు.

మిషను మీద కూర్చుని రోజుల తరబడి నూరుకున్న మాటలు ఎన్నో. ఒక్కటీ తోచలేదు. కడ్డీ నా గొంతు వేడికి వెచ్చబడింది. చివరికి రోజూ పిలిచే పిలుపే వచ్చింది, గోడ అవతల వాళ్ళకి కూడా వినిపించనంత మెల్లగా.

"ఏవండీ."

ఆయన ఇంజను వినేటప్పుడు మూసుకున్నట్టే కళ్ళు మూసుకున్నారు. 

"ఆఁ," అన్నారు.